రేవుకూ ఓడకూ మధ్య

నదుల చరిత్ర రాసినవారున్నారు, వంతెనల చరిత్ర రాసినవారున్నారు, ఓడల మీదనైతే గ్రంథాలకు గ్రంథాలే ఉన్నాయి. ఒడ్డుకూ పడవకూ మధ్య వేసే బల్లను గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు కనపడదు. గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన వారికి ఆ బల్ల వింత వస్తువేమీ కాదు. మనుషులూ, సైకిళ్ళూ, అరటిగెలలూ, మేకలూ అన్నీ దాని మీదుగానే ఎక్కి దిగుతాయి. అయితే ఒక్కసారి నిదానించి చూడండి. ఆ బల్లకు ఒక కొస నేల మీద ఉంటుంది, రెండవ కొస నీటి మీద ఉంటుంది. నేల కదలదు. నీరు ఒకచోట నిలవదు. వరద వస్తే పడవ పైకి లేస్తుంది, వేసవిలో రేవు మెట్లన్నీ దిగి కిందికి పోతుంది. ఒక గేదెను ఎక్కిస్తే చాలు, పడవ ఓ జానెడు మునిగి, వేసిన బల్ల పక్కకు జారుతుంది. ఇంత తేడాను ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు. ఎవరు సర్దుకోవాలి? ఎక్కేవాడా, పడవా, రేవా?

చిన్న పడవ దగ్గర ఈ ప్రశ్నకు విలువ లేదు. ఎక్కేవాడే పంచె ఎగగట్టి సర్దుకుంటాడు. ఎక్కవలసినది పట్టాల మీద నడిచే సరుకు బండి అయినప్పుడు గానీ అసలు చిక్కు తెలిసిరాలేదు. ఆ చిక్కు మొట్టమొదట పెద్ద ఎత్తున ఎదురైనది స్కాట్లండులో, 1840ల చివరలో.

ఎడింబరో నగరానికి ఉత్తరాన ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట విశాలమైన పాయ ఉంది. దాన్ని ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అంటారు. ఎడింబరో వైపున గ్రాంటన్ రేవు, ఎదురుగా ఫైఫ్ సీమలో బర్ంటైలండ్ రేవు. నడుమ సుమారు 5 మైళ్ళ నీరు. ఇంకా ఉత్తరానికి వెళ్తే టే నది ముఖద్వారం, దాని అవతల డండీ పట్టణం. ఎడింబరో నుండి డండీకి దూరం 46 మైళ్ళే. కానీ ప్రయాణికుడు గ్రాంటన్ దాకా ఒక రైలూ, అక్కడ ఒక స్టీమరూ, ఫైఫ్ గుండా మరో రైలూ, టే మీద మరో స్టీమరూ, చివరకు ఇంకో రైలూ ఎక్కవలసి వచ్చేది. మనిషి గనుక గొణుక్కుంటూనైనా ఎక్కి దిగుతాడు. బొగ్గుకూ, పిండి బస్తాలకూ, చేపల పెట్టెలకూ కాళ్ళు లేవు. వాటిని వ్యాగన్లలోంచి దింపాలి, ఓడలోకి మోయాలి, అవతల మళ్ళీ దింపి మళ్ళీ వ్యాగన్లకు ఎక్కించాలి. ప్రతి మార్పిడికీ కూలి, కాలయాపన, పగిలినవీ, చిరిగినవీ, మాయమైనవీ. అంత వెడల్పు నీటి మీద రైలు వంతెన కట్టే విద్య ఆనాటి ఇంజనీర్ల చేతిలో ఇంకా లేదు.

1849 జనవరిలో ఆ రైలు కంపెనీకి మేనేజరుగా, ఇంజనీరుగా ఒక యువకుడు వచ్చాడు. పేరు థామస్ బౌచ్. అప్పటికి వయస్సు 26 ఏళ్ళు. కంబర్లండ్ ప్రాంతంలోని థర్స్‌బీ గ్రామంలో ఒక వర్తక నౌక కెప్టెన్‌కు పుట్టినవాడు. స్టాక్టన్–డార్లింగ్టన్ రైలు కంపెనీలో పని నేర్చినవాడు. అంటే ఇంట్లో సముద్రమూ, కొలువులో పట్టాలూ. సరుకును మార్చడం మానేసి వ్యాగన్లనే నేరుగా ఓడ మీదికి దొర్లిద్దామన్నాడు.

ఈ ఆలోచన కలిగినవాడు ఆయన ఒక్కడే కాదు. ఆవిష్కర్త ఎవరన్న వాదు తర్వాత లేచింది కూడా. ఇంగ్లండులోని సివిల్ ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడైన ఒకాయన ఆ వాదును తేలికగానే తీర్చాడు. ఇటువంటి సులభమైన ఊహ కలగడం గొప్ప కాదనీ, దాన్ని అన్ని వివరాలతో అమలుచేసి, లోపం లేకుండా నడిపించినదే గొప్ప అనీ ఆయన తీర్పు సారాంశం. నాకు ఈ తీర్పు న్యాయంగానే తోస్తుంది. ఓడ డెక్కు మీద పట్టాలు పరవడం వడ్రంగికి కూడా తోచే సంగతి. ఒడ్డు మీది పట్టాలనూ డెక్కు మీది పట్టాలనూ ఏ ఘడియలోనైనా కలపగలగడంలోనే ఉంది కష్టమంతా.

ఎందుకు కష్టమో కాస్త లెక్క వేసి చూద్దాం. ఫోర్త్ ముఖంలో అమావాస్యా పున్నమల పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం సుమారు 5 మీటర్లు మారుతుంది. ఒడ్డున ఒక కీలు బిగించి, దానికి ఇనుప వంతెన తగిలించి, రెండవ కొసను ఓడ మీద ఆనించామనుకోండి. కీలును సరిగ్గా నడిమి మట్టంలో పెట్టినా ఆ కొస రెండున్నర మీటర్లు పైకీ, రెండున్నర మీటర్లు కిందికీ ఆడాలి. మామూలు రైలింజనుకు 20 అడుగులకు 1 అడుగు వాలు అంటేనే ఆయాసం. ఆ వాలు మించకూడదనుకుంటే వంతెన పొడవు 50 మీటర్లు ఉండాలి. బరువైన వ్యాగన్లను మోస్తూ, ఒక కొస ఓడ మీద తేలుతూ ఉండే 50 మీటర్ల వంతెన! 1849లో అది అయ్యే పని కాదు.

బౌచ్ చేసిన యుక్తి ఏమిటంటే, ఒకే చిక్కును రెండు ముక్కలు చేశాడు. పోటుపాట్ల వల్ల వచ్చే తేడా పెద్దది, కానీ నెమ్మదిగా వస్తుంది. బరువు ఎక్కినప్పుడు ఓడ మునగడం వల్ల, అలల వల్ల వచ్చే తేడా చిన్నది, కానీ క్షణక్షణమూ వస్తుంది. రెంటికీ ఒకే మందు ఎందుకు?

పెద్ద తేడా కోసం రేవులో నీటిలోకి దిగిపోయే ఏటవాలు రాతి చప్టా కట్టించాడు. దాని మీద పట్టాలు, ఆ పట్టాల మీద చక్రాలున్న ఒక భారీ వేదిక. పోటు వచ్చినప్పుడు వేదికను చప్టా మీద పైకి లాగుతారు, పాటు సమయంలో కిందికి వదులుతారు. అంటే రేవు అంచే నీటిని అనుసరించి ముందుకూ వెనక్కూ నడుస్తుందన్నమాట. చిన్న తేడా కోసం ఆ వేదిక కొసన కీళ్ళతో బిగించిన పొట్టి ఇనుప దూలాలున్నాయి. వేదిక మీద నిలిపిన పందిరిలాంటి చట్రం నుండి వాటిని ఎత్తుతారు, దించుతారు. ఓడ వచ్చి ఆగగానే అవి డెక్కు మీద వాలుతాయి. ఓడ ఊగితే అవీ ఊగుతాయి, ఓడ కుంగితే అవీ వంగుతాయి. పట్టా మాత్రం తెగదు.

మరి ఆ చప్టా ఏటవాలు సంగతి? ఇంజను ఎక్కలేని వాలు కదా అది. నిజమే, అందుకే బౌచ్ ఇంజనును ఆ వాలు మీదికి రానివ్వనే లేదు. ఒడ్డున కదలకుండా నిలిపిన ఆవిరి యంత్రం మోకుతో వ్యాగన్లను ఓడలోకి దింపేది, ఓడలోంచి లాగేది. ఇంజనును వదులుకోవడంతో వాలు పెంచుకునే స్వేచ్ఛ వచ్చింది, వాలు పెరగడంతో చప్టా పొడవు తగ్గింది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

ఓడ పేరు లెవియతాన్. గ్లాస్గోలో రాబర్ట్ నేపియర్ కంపెనీ కట్టిన ఇనుప చక్రాల స్టీమరు. డెక్కు మీద 30కి పైగా వ్యాగన్లు పట్టేవి. 1850 ఫిబ్రవరిలో పని మొదలైంది. జనం దాన్ని తేలే రైలు అన్నారు. మరుసటి ఏడాది టే నది మీద కూడా ఇటువంటి ఏర్పాటే వచ్చింది. ఒక్క మాట చెప్పి తీరాలి. ఈ సౌఖ్యం సరుకుకే గాని ప్రయాణికులకు దక్కలేదు. బొగ్గు కూర్చున్నచోటు నుండి లేవకుండా ఫోర్త్ దాటేది. టిక్కెట్టు కొన్న పెద్దమనిషి మాత్రం చలిగాలిలో రైలు దిగి, వేరే స్టీమరు ఎక్కి, కడుపు తిప్పుకుంటూ దాటేవాడు. వంతెన కావాలన్న గోల తగ్గకపోవడానికి అదొక కారణం.

తాత్కాలికంగా వేసిన ఏర్పాటు 40 ఏళ్ళు నడిచింది. ఎందుకు అంతకాలం నడవవలసి వచ్చిందో చెప్పాలంటే మళ్ళీ బౌచ్ దగ్గరికే రావాలి. ఆయన టే నది మీద కట్టిన వంతెన 1878 జూన్‌లో తెరుచుకుంది. 1879లో విక్టోరియా రాణి దాని మీదుగా ప్రయాణించింది, ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఆ ఏడాదే డిసెంబరు 28 రాత్రి పెనుగాలికి వంతెన నడిమి భాగం, దాని మీద వెళ్తున్న రైలుతో సహా నదిలో కూలింది. ఒక్కరూ బతకలేదు. మృతులు 75 మంది అని చాలాకాలం చెప్పుకున్నారు. పేర్లతో సహా రుజువైనవారు 59 మంది. విచారణలో తేలినవి ఘోరమైన సంగతులు. గాలి ఒత్తిడికి ప్రత్యేకంగా లెక్క కట్టలేదు. పోత ఇనుప స్తంభాలలోని బొల్లులను మైనమూ, ఇనుప రజనూ కలిపిన ముద్దతో పూడ్చి రంగు వేశారు. పోతపోసినచోట సరైన అజమాయిషీ లేదు. ఫోర్త్ మీద ఆయన తలపెట్టిన మరో వంతెనకు అప్పటికే పునాదిరాయి వేసి ఉన్నా, ఆ పథకాన్ని రద్దు చేశారు. 1880 అక్టోబరులో, 58వ ఏట, బౌచ్ మరణించాడు.

ఆయనను నిర్దోషి అనడం నా ఉద్దేశం కాదు. పోయిన ప్రాణాలకు ఆయన బాధ్యత ఉంది. అయితే ఒకే మనిషి రేవులో క్షణక్షణం మారే నీటికి అంత జాగ్రత్తగా లెక్క వేసి, వంతెన మీద వీచే గాలిని ఎట్లా వదిలేశాడన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. రేవులో పనిచేసేవాడికి నీరు రోజుకు రెండుసార్లు పాఠం చెబుతుంది, తప్పు చేస్తే ఆ పూటే తెలుస్తుంది. గాలి అట్లా కాదు, ఏళ్ళ తరబడి ఊరుకుని ఒక రాత్రి అడుగుతుంది. పూర్తి సమాధానం ఇదే అని అనను గానీ, కొంత ఇందులో ఉందనుకుంటాను. ఫౌలర్, బేకర్‌లు నిర్మించిన కొత్త ఫోర్త్ వంతెన 1890 మార్చి 4న తెరుచుకునేదాకా, పరువు పోయిన ఆ మనిషి వేదికలు చప్టాల మీద ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి.

రేవు సర్దుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే మన దేశానికే రావచ్చు. బీహారులో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో జిమ్ కార్బెట్ 20 ఏళ్ళకు పైగా సరుకు మార్పిడి పని చేయించాడు. పులుల వేటగాడిగా మనకు తెలిసిన కార్బెట్టే ఈయన. అక్కడ వ్యాగన్లను నది దాటించే పడవలున్నాయి. కానీ ఇవతల బ్రాడ్ గేజీ, అవతల మీటర్ గేజీ. ఆ తేడాను ఏ చప్టా, ఏ కీలూ తీర్చలేదు, కూలీల వీపులు తీర్చాయి. బొగ్గుతో సహా సమస్తమూ పారలతో, తట్టలతో, నెత్తుల మీద మారింది. రాజేంద్ర సేతువు వచ్చినది 1959లో.

ఇంగ్లీషు ఛానల్ మీద డోవర్ రేవులో 1936లో వేరొక దారి తొక్కారు. అక్కడి పోటుపాట్ల తేడా ఎక్కువ. ఎంత వంతెన వేసినా పారిస్ వెళ్ళే నిద్రబోగీలను ఆ వాలులో దింపడం కష్టం. అందుచేత ఓడను గోడల మధ్యకు రానిచ్చి, వెనక గేటు మూసి, పంపులతో నీటిమట్టాన్నే కావలసిన ఎత్తుకు మార్చేవారు. ఇక్కడ సర్దుకున్నది నీరు. ఖర్చు చాలా ఎక్కువే, కానీ బోగీలో నిద్రపోయేవాడికి తెలియకుండా ఓడ ఎక్కించారు.

ఓడనే సర్దుకోమన్న సందర్భం కూడా ఒకటుంది. హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే కార్ల ఫెర్రీని డోవర్–కలే మార్గం కోసం కట్టారు. ఆ రెండు రేవుల్లోనూ రెండు అంతస్తుల ఎక్కుడు వంతెనలున్నాయి. దాన్ని బెల్జియంలోని జీబ్రుగ్గె రేవుకు కూడా నడిపించారు. అక్కడి వంతెన ఒక్క అంతస్తుది, పెద్ద పోటు నాడు ఓడ పై డెక్కును అందుకునేంత ఎత్తుకు లేవదు. రేవులో వంతెన మార్చడానికి బదులు సులువైన ఉపాయం కనిపెట్టారు. ఓడ ముందరి తొట్లలోకి నీరు నింపుతారు. ముక్కు కిందికి వంగుతుంది, డెక్కు వంతెనకు అందుతుంది. కార్లూ లారీలూ ఎక్కుతాయి. ఆ తర్వాత నీరు బయటికి తోడాలి, దానికి సమయం పడుతుంది.

1987 మార్చి 6 సాయంత్రం ఆ ఓడ బయలుదేరేటప్పుడు ముందరి తలుపులు మూయలేదు. మూయవలసిన మనిషి నిద్రపోయాడు, చూడవలసినవారు చూడలేదు. తలుపులు మూసి ఉన్నవో లేవో కెప్టెనుకు తెలిపే దీపం కూడా లేదు. రేవు దాటి వేగం పుంజుకున్న కొద్ది నిమిషాలకే తెరిచిన తలుపుల గుండా కార్ల డెక్కు మీదికి సముద్రం వచ్చింది. ఓడ పక్కకు ఒరిగిపోయింది. 193 మంది మరణించారు. విచారణ నివేదిక కంపెనీ పైవారి నుండి కిందివారి దాకా ఎవరినీ వదలలేదు. తలుపును గురించి లోకమంతా చదివింది. ఆ నాడు రేవు వంతెనకు అందడం కోసం నింపిన నీరు పూర్తిగా తోడక ముందే ఓడ బయలుదేరిందనీ, ముక్కు ఇంకా కిందికే వంగి ఉందనీ ఆ విచారణలోనే ఉంది.