టాబర్డ్‌ను పోషించిన బాట

లండన్ నగరానికి థేమ్స్ అవతలి ఒడ్డున, సదర్క్‌లో ఒకప్పుడు ఉన్న టాబర్డ్ ఇన్ పేరెత్తితే ఆంగ్ల సాహిత్యం చదివినవాళ్ళకు చాసర్ గుర్తొస్తాడు. ఆయన కావ్యంలో కాంటర్‌బరీ యాత్రికులు బయలుదేరేది ఆ పానశాల నుంచే. వాళ్ళకు భోజనం పెట్టి, దారిలో కథలు చెప్పుకోమని పోటీ పెట్టేది దాన్ని నడిపే హ్యారీ బెయిలీ. ఆ ఒక్క మనిషి వల్లే అది చరిత్రకెక్కిందని చాలామంది నమ్మకం. కీర్తి మాట ఎలా ఉన్నా, దాన్ని ఐదున్నర శతాబ్దాలు బతికించింది మాత్రం దాని ముందున్న రోడ్డు. 1307లో ఆ స్థలాన్ని కొన్నది వించెస్టర్‌లోని హైడ్ మఠాధిపతి. లండన్ పని మీద వచ్చినప్పుడు దిగడానికి ఆయనకు అక్కడ విడిది కావాలి. 1729లో పట్నీ వంతెన కట్టేదాకా నగరంలోకి నది దాటించే వంతెన లండన్ బ్రిడ్జి ఒక్కటే. రాత్రి దాని తలుపులు మూసేవారు. దక్షిణాది నుంచి పొద్దుపోయి వచ్చినవాళ్ళు సదర్క్‌లోనే ఆగాలి. పూటకూళ్ళకు అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

బెయిలీని తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనవచ్చు. ఆయన ఉత్త కల్పన కాదు. హెన్రీ బెయిలీ అనే ఆయన 1376లో, 1378లో సదర్క్ ప్రతినిధిగా పార్లమెంటుకు వెళ్ళాడు. 1381 నాటి పన్ను లెక్కల్లో సత్రం నడిపేవాడిగా ఆయన పేరుంది, భార్య క్రిస్టియన్ పేరూ ఉంది. ఇంత పలుకుబడి గల మనిషి వ్యాపారాన్ని పెంచలేదా అంటే, పెంచే ఉంటాడు. కానీ సత్రం నడిపేవాడు పార్లమెంటు దాకా వెళ్ళగలిగాడంటే, ఆ ఊరి బతుకే బాటసారుల మీద నడిచేదని కదా అర్థం. ఆయన తరవాతి చరిత్ర ఇంకా గట్టి సాక్ష్యం. 1538లో ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం యాత్రికులు దర్శించుకునే, కాంటర్‌బరీలోని సెయింట్ బెకెట్ సమాధిని ధ్వంసం చేసింది. యాత్రలు ఆగాయి, హైడ్ మఠమూ మూతపడింది. టాబర్డ్ మూతపడలేదు, చేతులు మారిందంతే. 1676లో సదర్క్ అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్ళీ కట్టారు. ఈసారి టాబర్డ్ బదులు టాల్బట్ అనే వేటకుక్క పేరు బోర్డుకెక్కింది. అది తెలివితక్కువ పని అని ఆ కాలపు రచయిత జాన్ ఆబ్రీ తప్పుబట్టాడు. చాసర్ కావ్యంలోని పేరు పోయినా సరుకు బళ్ళు ఆగుతూనే ఉన్నాయి. ఆ బళ్ళ పని తగ్గించింది రైలు. 1836లో లండన్ బ్రిడ్జి స్టేషను తెరుచుకుంది. 1873 కల్లా పాత టాబర్డ్‌ను కూల్చేశారు.

అదే వీధిలో జార్జ్ ఇన్ ఇప్పటికీ నిలిచి ఉంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. రోడ్డు ఒకటే అయినప్పుడు ఒకటి పోయి ఒకటి ఎలా మిగిలింది? అయితే జార్జ్ కూడా పూర్తిగా మిగల్లేదు. రైల్వే కంపెనీ దాన్ని సొంతం చేసుకుని చాలా భాగం పడగొట్టింది. ఒక్క వరస మాత్రం మిగిలింది. 1937లో అది నేషనల్ ట్రస్టు చేతికి వచ్చింది. కనుక వ్యాపారాన్ని నిలబెట్టింది, పడగొట్టింది రోడ్డే అయినా, గోడల తలరాత రాసింది స్థలం సొంతదార్లు. నిజంగా తెలుసుకోవలసింది మఠం తరవాత ఆ భూమి ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళిందో. టాబర్డ్ చరిత్ర రాసేవాళ్ళు బెయిలీ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ దస్తావేజుల మీద పెట్టాలి.