నీరుగంటి వృత్తి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో చెరువు నీటి పంపకం

జీవనదులు లేని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో వరిసాగు చిరకాలం చెరువులపైనే ఆధారపడింది. చెరువులు కట్టించినవారి కీర్తిని శాసనాలు నిలిపాయి. కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం (1369) విజయనగర రాకుమారుడు భాస్కరుని తటాక నిర్మాణాన్ని, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను వివరిస్తుంది. కట్టిన చెరువు నీటిని ఏటేటా మడులకు పంచిన గ్రామసేవకుడు నీరుగంటి. తెలంగాణలో ఇతడే నీరడి.

తూము తెరవడం, మూయడం, కాలువల పూడిక తీయించడం, వంతు ప్రకారం నీరు పారించడం, వానకాలంలో కట్టను, మరవను కాపాడటం నీరుగంటి విధులు. రెడ్డి, కరణం, తలారులతో పాటు ఆయగాండ్రలో ఒకడైన ఇతనికి మాన్యపు భూమి, కళ్లంలో రైతులిచ్చే ధాన్యపు మేర ప్రతిఫలాలు. 1812 నాటి ఈస్టిండియా కంపెనీ ఐదవ నివేదిక సైతం గ్రామోద్యోగులలో చెరువుల పర్యవేక్షకుని పేర్కొన్నది.

మేర పద్ధతిలో ఒక అంతస్సూత్రం ఉంది. ఆయకట్టు చివరి మడి ఎండితే నీరుగంటి ఆదాయమూ తగ్గుతుంది. కనుక నీటిని చివరిదాకా చేర్చడం అతని స్వప్రయోజనం కూడా. అయితే దీనిని సమానత్వంగా భావించరాదు. పలు గ్రామాలలో నీరుగంట్లు దళిత కులాలవారు. నీటి వంతు వారి చేతిలో ఉన్నా, భూమి, అధికారం పెద్దరైతుల చేతిలో ఉండేవి.

వలసపాలనలో ఈ మూడు ప్రాంతాల దారులు వేరయ్యాయి. 1800లో దత్తమండలాలలో భాగంగా కంపెనీకి దక్కిన మదనపల్లె రైత్వారీ కిందికి వచ్చింది. పుంగనూరు, కుప్పం కేంద్రంగా గల కంగుంది జమీందారీలుగా కొనసాగాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నాటి ఇనాం కమిషన్ మాన్యాల స్వరూపాన్ని మార్చగా, 1864 నాటి గ్రామ సెస్సు చట్టం గ్రామసేవకుల నగదు జీతాలకు మార్గం వేసింది. మేర పోయి జీతం వచ్చినచోట నీరుగంటి జవాబుదారీ కళ్లం నుండి కచ్చేరీకి మారింది. జమీందారీ గ్రామాలకు అటువంటి మలుపు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో వచ్చింది.

1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. సంఘానికి ఎన్నిక ఉంది, నిధి ఉంది. కానీ చివరి మడి పంటతో తన కూడు ముడిపడిన మనిషి అందులో లేడు. నీరుగంటి వృత్తి చరిత్ర నేటి సాగునీటి విధానం ముందుంచే ప్రశ్న ఇదే.