ఒక యంత్రం, పెక్కు నామధేయాలు

తెలుగు పండితునికి మోటారు యంత్రాల ప్రసక్తి ఏల అని మిత్రులు అడుగవచ్చును. పేరు పెట్టడం కూడ భాషావ్యవహారమే కదా! మన శాస్త్రకారులు పదాలను యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని విభజించినారు. ‘పాచకుడు’ అనగా వండేవాడు, ఇది యౌగికం. ‘మండపం’ అనే మాటను విడదీస్తే గంజి త్రాగేది అని అర్థం వస్తుంది. కాని మండపంలో పెండ్లి చేస్తాము గాని గంజి పోయము. అది రూఢి. ఇంగ్లండువారి చిన్న స్పోర్ట్స్ కార్ల పేర్లు చాలవరకు ఈ రెండవ తెగకు చెందినవే. పేరు చాటే బలం ఒకటి, బానెట్ క్రింద ఉండే యంత్రం వేరొకటి.

1928లో వెలువడిన ఎం.జి. మిడ్జెట్‌ను చూడండి. ఎం.జి. అనగా మోరిస్ గ్యారేజెస్, ఆక్స్‌ఫర్డులోని కార్ల దుకాణం. మిడ్జెట్ అనగా మరుగుజ్జు. ఇంతవరకు పేరు యథార్థమే. దానిలోని 847 సి.సి. యంత్రం మాత్రం మోరిస్ మైనర్ అనే సంసారపక్షపు కారుది. కొత్త యంత్రాన్ని రూపొందించి, అచ్చులు తయారుచేసి, పోతపోయడం మహావ్యయంతో కూడిన పని. చిన్న కారు కొనే కుర్రవాడు అంత ధర ఇచ్చుకోలేడు. అందుచేత ఇంటి కారు యంత్రాన్నే తెచ్చి, తేలికైన ఒంటికి తగిలించి, కార్బ్యురేటర్లు మార్చి, పేరుకు రెక్కలు తొడిగేవారు.

1958 నాటి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌దీ అదే త్రోవ. యంత్రం ఆస్టిన్ ఎ35 వారి 948 సి.సి.ది, పేరు అంతకు ముందు, 1930లలో, రైలీ కంపెనీ వాడినది. స్ప్రైట్ అనగా కొంటె దేవత (మనకు సీసాలోని పానీయమే గుర్తుకు వస్తుంది, అది వేరు సంగతి). జనం మాత్రం బానెట్ మీద గుడ్లు మిటకరించిన దీపాలను చూచి ‘కప్పకళ్ళ కారు’ అన్నారు. అన్వర్థనామం అంటే అది! 1961లో ఆ బండికే కొద్ది మార్పులు చేసి, ఎం.జి. మిడ్జెట్ అనే పాత పేరును మరల తగిలించినారు.

మనకు దగ్గరి కథ స్టాండర్డు కంపెనీది. కోవెంట్రీకి చెందిన ఈ కంపెనీ 1945లో ట్రయంఫ్‌ను కొన్నది. 1953లో తన స్టాండర్డు ఎయిట్ కారు కొరకు 803 సి.సి. యంత్రాన్ని చేసినది. అదే 948కి పెరిగి, 1959లో ట్రయంఫ్ హెరాల్డులో కుదురుకొన్నది. హెరాల్డు అనగా రాజు రాకను చాటేవాడు, మన వైతాళికుని వంటివాడు. నిజానికి అది కంపెనీ అధినేత ఆలిక్ డిక్ గారి పడవ పేరని చెబుతారు. 1962లో హెరాల్డు చట్రం ఆధారంగానే ఒక స్పోర్ట్స్ కారు కట్టి, 1147 సి.సి.కి పెరిగిన ఆ యంత్రాన్నే అమర్చి, స్పిట్‌ఫైరు అన్నారు. 1940లో ఇంగ్లండు ఆకాశాన్ని కాచిన యుద్ధవిమానం పేరది. విమానంలో రోల్స్ రాయిస్ మెర్లిన్. కారులో స్టాండర్డు ఎయిట్ సంతానం!

ఆ హెరాల్డే మద్రాసు చేరి, 1961 నుండి ‘స్టాండర్డు హెరాల్డు’ అయినది. మా రెడ్డిగూడెం నుండి బెజవాడ పోయే దారిలో చిన్ననాడు అంబాసిడర్, ఫియట్‌ల తరువాత ఈ కారునే చూచేవారము. బానెట్ మొత్తం ముందుకు తిరగబడేది. మెకానిక్ ముందుచక్రం మీద కూర్చుండి పని చేసుకొనేవాడు. ఇరవైఐదు అడుగుల చోటుంటే గుండ్రంగా తిరిగేది.

ఇక్కడ ఒక భాషావిశేషం ఉన్నది. డీలక్స్ అనే మాట ప్రబలిన తరువాత, ఇంగ్లండులో స్టాండర్డు అనగా మామూలు రకం అనే అర్థం స్థిరపడినది. 1963లో అక్కడ కార్లకు ఆ పేరు మానుకొన్నారు. మద్రాసువారు విడువలేదు. మనకు స్టాండర్డు అంటే నాణ్యం; ‘స్టాండర్డున్న మనిషి’ అనడం పొగడ్త. వేదపండితుడైన ఛాందసుడు చాదస్తుడైనట్లు ఆ మాట అక్కడ అర్థగ్రామ్యత పొందినది. హద్దు అనే అర్థం గల ‘మర్యాద’ గౌరవమైనట్లు ఇక్కడ అర్థసౌమ్యత పొందినది.

అక్కడ పేరు పోయినా యంత్రం పెరిగినది. 1296, ఆపై 1493 సి.సి. అయినది. స్పిట్‌ఫైరు, మిడ్జెట్ బద్ధశత్రువులు. కాని 1968లో రెండు ఇండ్లూ బ్రిటిష్ లేలాండ్ గొడుగు క్రిందికి వచ్చినవి. 1974లో మిడ్జెట్‌కు ఈ 1493 యంత్రాన్నే పెట్టినారు. ఎం.జి. భక్తులకు అది మ్రింగుడుపడలేదు. ఇక్కడ పేరు నిలిచి యంత్రం 948 వద్దనే ఆగినది. 1970ల తొలినాళ్ళలో రూపం మార్చి, జింక పేరుతో ‘గజెల్’ అన్నప్పుడు కూడ లోపల అదే.

ఎరువు యంత్రాన్ని నేను తప్పుపట్టను. మోసే ఒళ్ళు తగినదైతే చాలు. స్టాండర్డు వాన్‌గార్డు యంత్రం ఫెర్గూసన్ ట్రాక్టరును నడిపిన జాతిది. దానినే 1991 సి.సి.కి తగ్గించి, టన్నుకు లోపు బరువుండే ట్రయంఫ్ టీఆర్2లో పెడితే, పందేనికి సిద్ధం చేసిన బండి 1953లో బెల్జియంలోని జబ్బెక్ రహదారిపై గంటకు 124 మైళ్ళు పరుగెత్తినది.

1985లో మద్రాసువారు రోవర్ ఎస్‌డి1 ఒంటిని తెచ్చినారు. ఇంగ్లండులో 1976లో ఆ ఒళ్ళు ఎనిమిది సిలిండర్ల 3528 సి.సి. యంత్రంతో పుట్టినది. ఇక్కడ దానికి వాన్‌గార్డు నాటి పాత 1991 సి.సి. యంత్రాన్నే అమర్చి ‘స్టాండర్డు 2000’ అన్నారు. ధర హెచ్చు, ఇంధనం హెచ్చు, వేగం తక్కువ. పేరులో మాత్రం అబద్ధం లేదు; 1991ని గుండ్రని అంకె చేసినారు, అంతే. 1988 నాటికి ఉత్పత్తి ఆగిపోయినది.