పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో కోవిడ్ నిఘా

కోవిడ్-19 కాలంలో పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో వైరస్ జాడ తెలియడానికి ప్రధానంగా మూడు దారులుండేవి. ఎవరు ఎవరిని కలిశారన్న ఆరా ఒకటి, హైదరాబాద్ ప్రయోగశాలల్లో జన్యుక్రమ విశ్లేషణ ఇంకొకటి, రక్తంలో యాంటీబాడీల సర్వే మూడోది. పేరు జన్యుక్రమానికే ఎక్కువ వచ్చింది గానీ, ఇక్కడి పల్లెల సంగతి బయటపెట్టింది మాత్రం యాంటీబాడీల సర్వే.

తెలంగాణలో తొలి కేసు 2020 మార్చి 2న హైదరాబాద్‌లో బయటపడింది. ఏప్రిల్ వచ్చేసరికి, 2016 దాకా నల్లగొండలో భాగమైన సూర్యాపేట పేరు రాష్ట్రమంతా మోగింది. అక్కడ కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు పెరిగాయి. ఇరుగుపొరుగుతో అష్టాచెమ్మా ఆడిన ఒక మహిళ ద్వారా 31 మందికి సోకిందని అధికారులు చెప్పారు. ఎవరింట్లో ఆడారు, ఎవరు పక్కన కూర్చున్నారు అని అడిగి కట్టిన లెక్క అది. అందరిలో ఉన్నది ఒకే వైరసేనా అన్నది అడిగితే తెలిసేది కాదు, అది జన్యుక్రమం చెప్పాల్సిన మాట.

ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏలో సుమారు 30 వేల అక్షరాలుంటాయి. మనిషి నుంచి మనిషికి పాకే కొద్దీ నెలకు సగటున రెండు చోట్ల మార్పు వస్తుంది. ఒకే మార్పులు పంచుకున్నవాటిని ఒక శాఖగా లెక్కిస్తారు. ఇందుకు సాంపిల్‌లో వైరస్ దండిగా ఉండాలి, చల్లదనం చెడకుండా ల్యాబ్ చేరాలి, ఫారంలో ఊరు, తేదీ సరిగ్గా ఉండాలి. ఊరి పేరు వదిలేసి 'నల్లగొండ' అని మాత్రం రాస్తే, క్రమం ఎంత చక్కగా చదివినా అది ఏ పల్లె కథో తెలియదు.

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)కి రాకేశ్ మిశ్రా డైరెక్టర్‌గా ఉన్నప్పుడు అక్కడి శాస్త్రవేత్తలు 2020 జూన్‌లో 361 భారతీయ జన్యుక్రమాలను పరిశీలించి, 41 శాతం ఏ3ఐ అనే ప్రత్యేక శాఖకు చెందినవని తేల్చారు. తెలంగాణ, తమిళనాడుల్లో అది బాగా కనిపించింది. ఆ తరువాత డీ614జీ అనే మార్పున్న ఏ2ఏ శాఖ దాన్ని వెనక్కి నెట్టింది. 2020 డిసెంబరులో 10 ప్రయోగశాలలతో ఏర్పడ్డ జాతీయ జన్యుక్రమ కూటమి ఇన్సాకాగ్‌లో సీసీఎంబీతో పాటు హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీకీ చోటు దక్కింది. అంతకు ముందే, ఆగస్టులో, సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ కలిసి హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లు లెక్కగట్టి నగరంలో వ్యాప్తిని అంచనా వేశాయి. ఆ నగరపు మురుగు మూసీలో కలిసి నల్లగొండ వైపే వస్తుంది. పద్ధతి మాత్రం పల్లెలకు రాలేదు, భూగర్భ డ్రైనేజీ లేనిచోట కొలవడానికి ఏముంటుంది?

ఆ లోటు కొంత తీర్చింది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేపట్టిన యాంటీబాడీల సర్వే. తెలంగాణలో దానికి ఎంపికైనవి జనగామ, కామారెడ్డి, నల్లగొండ. పని జాతీయ పోషకాహార సంస్థ చూసుకుంది. 2020 మేలో ఒక్కో జిల్లాలో సుమారు 400 మంది రక్తం పరీక్షిస్తే మూడింటిలో కలిపి 0.33 శాతం మందిలో, అంటే దాదాపు నలుగురిలోనే యాంటీబాడీలు దొరికాయి. ఆగస్టుకు అది 12.5 శాతం, డిసెంబరుకు 24.1 శాతం, 2021 జూన్‌కు 60.1 శాతం. 2020 చివరికి రాష్ట్రం మొత్తం మీద అధికారికంగా నమోదైన కేసులు 3 లక్షల లోపే, అంటే జనాభాలో నూటికి ఒక్కరు కూడా కాదు. సర్వేలో నలుగురిలో ఒకరికి సోకినట్టు తేలింది. మూడు జిల్లాల లెక్కను రాష్ట్రమంతటికీ అంటగట్టలేకపోయినా, ఇంత తేడాను సర్వే లోపమని కొట్టేయలేం. ముంబై, పుణెల నుంచి వలస కూలీలు తిరిగొచ్చిన పాలమూరు ఆ జాబితాలో లేకపోవడం మాత్రం పెద్ద వెలితే.

2021 మేలో ఎన్440కే అనే మార్పు 'ఏపీ స్ట్రెయిన్' పేరుతో వార్తలకెక్కింది. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో అది జోరుగా పెరిగిందన్న ఫలితం బయటికొచ్చేసరికి 15 రెట్లు ప్రమాదకరం అన్న పుకారైంది. అది అప్పటికే తగ్గుముఖం పట్టిందనీ, బీ.1.617 అనే రకం దాని స్థానాన్ని ఆక్రమిస్తోందనీ సీసీఎంబీ వివరించింది. అయినా రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. అదే నెలలో తెలంగాణలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకుని మందుల కిట్లు పంచారు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు చేతికందిన పద్ధతి ఇదే.

ఒమిక్రాన్ తొలి కేసులను 2021 డిసెంబరు 15న హైదరాబాద్‌లో ప్రకటించారు. జన్యుక్రమం వెంటనే పట్టుకుంది. కానీ జనం ఇంట్లోనే కిట్‌తో పరీక్ష చేసుకుంటే ఆ సాంపిల్ ఏ ల్యాబ్‌కూ చేరదు. ల్యాబ్‌కు చేరని ఇలాంటి కేసుల నడుమే 2022 జనవరి 21న రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే మళ్లీ మొదలైంది.