ఆరు గ్లాసులు, ఆపైన కొంచెం

ఎనిమిదీ ఇరవై అయింది. తహసీల్దార్ ఆఫీసు ఆవరణలో ఇనుప కంచె వేసిన చిన్న జాగా ముందు నిలబడ్డారు మీరు. రాత్రంతా దంచి ఇప్పుడే తెరిపిచ్చింది వాన. చెప్పులకు ఎర్రమట్టి అంటుకుని అడుగు బరువెక్కింది. కంచె మధ్యలో మోకాలి ఎత్తు కూడా లేని ఫైబర్ డబ్బా, దాని నోటికి ఒక లోహపు కడియం. చూడ్డానికి ఏమంత లేదు. అయినా రాత్రి ఈ మండలంలో ఎంత వాన పడిందో చెప్పాల్సింది ఇదే.

"ఇంక పది నిమిషాలున్నది, ఆగుర్రి" అంటాడు రీడింగు తీసే సారు. దేశమంతటా ఎనిమిదిన్నరకే చూస్తారు మరి. నిన్నటి ఎనిమిదిన్నర నుంచి ఇవాళ్టి ఎనిమిదిన్నర దాకా పడిందంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తారు. పుస్తకాల సంచీతో బడికి పోతున్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఆగింది. కంచెకు చేతులానించి ఒక పెద్దాయన కూడా నిలబడ్డాడు. ఎరువుల కోసం పొద్దున్నే మండలానికి వచ్చాడట.

ఎనిమిదిన్నర. సారు పై గరాటు తిప్పి తీస్తాడు. లోపలి నాలుగు లీటర్ల సీసాలో మూడో వంతు దాకా నీళ్లు. సన్నటి కొలగ్లాసులోకి వంచుతాడు. గ్లాసు మీద చివరి గీత 10 మిల్లీమీటర్లు. ఒకటి నిండింది, పారబోశాడు. రెండు. మూడు. మీరూ మనసులో లెక్కపెడుతున్నారు. ఆరు గ్లాసులు పోయాక మిగిలిన నీళ్లు ఏడో గ్లాసులో గీత దగ్గర ఆగాయి. నీటి ఉపరితలం అంచుల్లో పైకి పాకి, నడుమ కిందికి వంగి ఉంది. ఆ వంపు అడుగునే చదవాలి. సారు బురదలో గొంతుకు కూర్చుని, గ్లాసును కంటి ఎత్తుకు పట్టుకుంటాడు.

"ఏడు పాయింట్ నాలుగు. మొత్తం 67.4 మిల్లీమీటర్లు."

పిల్లకు సందేహం వచ్చింది. "పది మిల్లీమీటర్లంటే ఒక్క సెంటీమీటరే కద సార్? ఈ గ్లాసుల జానెడు ఎత్తున్నయి నీళ్లు."

ప్రశ్న మంచిది. మీకూ వచ్చే ఉంటుంది, అడగడానికి మొహమాటపడ్డారు. సారు గరాటు ఎత్తి చూపిస్తాడు. దీని నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు. ఇంత వెడల్పున పలచగా పడిన వాన ఆ సన్న గ్లాసులోకి వచ్చేసరికి ఎత్తుగా కనిపిస్తుంది. "సరే, ఒక్క మిల్లీమీటరు వానకు ఈ నోట్లె ఎన్ని మిల్లీలీటర్లు పడ్డట్టు?"

"రెండొందలు," టక్కున అంటుంది పిల్ల. 200ను ఒకటితో గుణించేసింది.

సారు కాదనడు. నిండు గ్లాసును, దాని గీతను చూపిస్తాడంతే. అందులో పట్టేదే 200 మిల్లీలీటర్లు, గీత చెప్పేది 10 మిల్లీమీటర్లు. పిల్ల పెదవి కొరుక్కుని మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. వైశాల్యం సెంటీమీటర్లలో ఉంటే ఎత్తునూ సెంటీమీటర్లలోకి తేవాలి. ఒక మిల్లీమీటరు 0.1 సెంటీమీటరు. 200 ఇంటూ 0.1, ఇరవై ఘన సెంటీమీటర్లు. అంటే ఇరవై మిల్లీలీటర్లు. ఇప్పుడు గ్లాసుతో లెక్క కుదిరింది.

అసలు తిరకాసు తర్వాతి మెట్టులో ఉంది. "ఆ 200ను చదరపు మీటర్లలకు మార్చు." రెండు, అంటుంది పిల్ల. మీటరుకు వంద సెంటీమీటర్లు కదా, వందతో భాగించింది. సారు పుల్లతో తడి నేల మీద మీటరు పొడవు గీత గీస్తాడు. దానికి అడ్డంగా ఇంకో మీటరు. ఇటు వంద, అటు వంద. చదరంలో పదివేల సెంటీమీటరు గళ్లు. మీరు ఆ చదరం వైపు, గరాటు నోటి వైపు మార్చి మార్చి చూస్తారు. ఈ గరాటు రెండు చదరపు మీటర్లు ఉంటుందా? ఉండదని కళ్లే చెబుతాయి. 0.02 అది. మీటరు నుంచి సెంటీమీటరుకు వచ్చే వంద, వైశాల్యంలో పదివేలవుతుంది, ఘనపరిమాణంలో పదిలక్షలవుతుంది. పరీక్షల్లో దశాంశ బిందువును రెండు స్థానాలు జరిపి హాయిగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. నన్నడిగితే బడిలో ఈ పాఠాన్ని బోర్డు మీద కాక నేల మీదే చెప్పాలి.

ఆ చదరంలో ఒక్క మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిపితే పదివేలు ఇంటూ 0.1, వెయ్యి ఘన సెంటీమీటర్లు. సరిగ్గా లీటరు. ఇది తెలిశాక వాన లెక్క నోటికొచ్చేస్తుంది: ఎన్ని మిల్లీమీటర్లో, చదరపు మీటరుకు అన్ని లీటర్లు. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లుగా నమోదైంది. అది ఈ గరాటులో పడి ఉంటే దాదాపు 13 లీటర్లు. నాలుగు లీటర్ల సీసా మూడుసార్లు నిండి పొర్లేది.

పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. "నాకు రెండున్నర ఎకరాలు, సార్. నా చేన్ల ఎన్ని నీళ్లు పడ్డయో చెప్పు."

రెండున్నర ఎకరాలంటే ఇంచుమించు హెక్టారు, పదివేల చదరపు మీటర్లు. ఈసారి పిల్లే అందుకుంటుంది. 67.4 ఇంటూ పదివేలు, 6 లక్షల 74 వేల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లయితే నూట ముప్పై అయిదు.

"నూట ముప్పై అయిదు ట్యాంకర్లా! మరి ఎటు పోయినయ్?"

ఈ డబ్బాకు పడిందే తెలుసు, పారింది తెలియదు, ఇంకింది తెలియదు. సారు ఆ మాట చెప్పేలోపే ఫోను మోగుతుంది. జిల్లా నుంచి. "సిక్స్ సెవెన్ పాయింట్ ఫోర్. ఎంఎం." అవతల ఎవరో తిరిగి చదువుతారు. ఇవతల సారు మళ్లీ "ఎంఎం" అని ఒత్తి చెబుతాడు. 64.5 దాటింది కాబట్టి వాతావరణ శాఖ లెక్కలో ఇది భారీ వర్షం. సెంటీమీటర్లలో చెప్పేటప్పుడు 6.74ను ఏడు చేస్తారు. చూడ్డానికి చిన్న సవరింపే. కానీ అది కలిపిన 2.6 మిల్లీమీటర్లు పెద్దాయన హెక్టారు మీద 26 వేల లీటర్లు, ఆకాశం కురవని అయిదు ట్యాంకర్లు.

మండలం 150 చదరపు కిలోమీటర్లు అనుకోండి. కిలోమీటరుకు వెయ్యి మీటర్లు, చదరపు కిలోమీటరుకు పదిలక్షల చదరపు మీటర్లు, మొత్తం పదిహేను కోట్లు. దాన్ని 0.02తో భాగిస్తే 750 కోట్లు. తనకంటే అన్ని రెట్ల నేల తరఫున మాట్లాడుతోంది ఈ గరాటు నోరు. సారు గ్లాసు తుడిచి పెట్టెలో పెడుతూ పెద్దాయనను మాటవరసకు అడుగుతాడు, "చేను ఎక్కడ?"

"మా ఊళ్లె, సార్. ఈడికి ఎనిమిది కిలోమీటర్లు. రాత్రి మా దిక్కు నాలుగు చినుకులే పడ్డయి."

పిల్ల ఫక్కుమంటుంది. "ముందే చెప్పాలె కద, తాతా!"

"నువ్వు అడగలే కద, బిడ్డా."