పి.వి.రమణ: సియోల్ కాంస్య జట్టు సభ్యుడు

పూసర్ల వెంకట రమణ భారత మాజీ వాలీబాల్ క్రీడాకారుడు, రైల్వే ఉద్యోగి. నేడు ఎక్కువ మందికి ఆయన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి.సింధు తండ్రిగానే పరిచయం. కానీ ఆయన సొంత పతకమూ అరుదైనదే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన పురుషుల జట్టులో జిమ్మీ జార్జ్, సిరిల్ వల్లూర్, అబ్దుల్ బాసిత్‌లతో కలిసి ఆయన ఆడారు. 1962 జకార్తా రజతం తరువాత ఈ క్రీడలో భారత పురుషులకు దక్కిన తొలి ఆసియా క్రీడల పతకమది. 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు మరొకటి రాలేదు.

రమణకు అర్జున పురస్కారం 2000లో, అంటే ఆ పతకం గెలిచిన పద్నాలుగేళ్లకు లభించింది. భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. తల్లిదండ్రుల ఆటను కాదని బ్యాడ్మింటన్‌ను ఎంచుకున్న సింధుకు 2001లో పుల్లెల గోపీచంద్ సాధించిన ఆల్ ఇంగ్లండ్ విజయం ప్రేరణ. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు కుమార్తె శిక్షణ కోసం రమణ ఉద్యోగానికి దీర్ఘకాలిక సెలవు పెట్టారు. ఆ క్రీడల్లో సింధు రజతం సాధించారు.