వెంకటేశం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

ఐదేళ్లు లాలించి, పదేళ్లు దండించి, పదహారో ఏట స్నేహితుడిలా చూడమన్నది పాత సూత్రం. వీధిబడుల్లో మధ్యభాగమే బాగా అమలైంది: చింతబరికె, తొడపాశం, కోదండం. దెబ్బ తప్పించుకోవడానికి ఎప్పుడు ఏడవాలో, ఏ అబద్ధం అతుకుతుందో పిల్లలు చప్పున కనిపెట్టేవారు.

1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగమెక్కింది. గురజాడ 1909లో బాగా పెంచి తిరగరాసిన ప్రతిని పిల్లల పెంపకం కోసం చదివితే ఆశ్చర్యమేస్తుంది. అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో ఆయన కోపమే చట్టం. చిన్నపిల్ల అయిన కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకిస్తానంటే కాదనే దారి ఎవరికీ లేదు. భార్య వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆ పెళ్లి తప్పించడానికి బావమరిది కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం కట్టిస్తాడు. కొడుకు వెంకటేశం పరీక్ష తప్పాడు. తండ్రి తంతాడన్న భయంతో తనకు చదువు చెప్పే గిరీశాన్ని వెంటబెట్టుకొస్తాడు. మరోపక్క తల్లి గారాబం. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని ఆవిడ ముచ్చట. గురుశిష్యులు ఏవో ముక్కలు అప్పజెప్పి ఆ ముచ్చట తీరుస్తారు. మాయగాడు గిరీశమే అంటాం గానీ, ఆ ఇంట్లో సూటిగా అడిగి పని జరిపించుకున్నదెవరు?

శ్రీకాకుళంలో 1915లో పుట్టి విజయనగరంలో స్థిరపడ్డ కథకుడు చాసో ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో మరో తండ్రీకొడుకుల్ని చూపించాడు. ఇంట్లో డబ్బు లేదు, గుంటడికేమో బడి మీద ప్రాణం. కానీ వాడి బాధ ఆ తండ్రికి తగులుతుంది.

మనస్తత్వశాస్త్రం వీటికి పేర్లు పెట్టడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలో డయానా బామ్రిండ్ 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా విడదీసింది: శాసించేది, వదిలేసేది, ప్రేమతో హద్దులు పెట్టేది. పిల్లల్ని పట్టించుకోని నాలుగో రకాన్ని 1983లో మకాబీ, మార్టిన్ చేర్చారు. ఎదుటివాణ్ణి పావులా వాడుకునే స్వభావాన్ని కొలిచే ప్రశ్నావళిని క్రిస్టీ, గైస్ 1970లో పుస్తకంగా అందించారు. దానికి ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లి పేరే పెట్టారు. ఆప్యాయత కరువైన పెంపకానికీ ఈ స్వభావానికీ, ఉద్రేకాన్ని అదుపు చేసుకోలేకపోవడానికీ సంబంధం ఉందని తర్వాత పలు అధ్యయనాలు చూపాయి. సంబంధమే, తీర్పు కాదు. పుట్టుకతో వచ్చిన స్వభావమూ ఉంటుంది, పిల్లవాడి తీరు చూసి పెద్దవాళ్ల తీరూ మారుతుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి బడిలో బెత్తాన్నీ, మానసిక వేధింపునీ నిషేధించింది. ఇంటి గడప మాత్రం దాటలేదు.

ఇక గిరీశం. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర అతని మాటలు పారవు. ఆయన దయగలవాడు, పట్టుదల గలవాడూను. గిరీశం లేవదీసుకుపోయిన బుచ్చమ్మ, అవధాన్ల వితంతు కూతురు, పూనా శరణాలయానికి పోతుంది. గిరీశం లుబ్ధావధాన్లుకి చుట్టమని తెలుస్తుంది గానీ, అతణ్ణి ఎవరు ఎలా పెంచారన్నది మాత్రం నాటకంలో లేదు.